హోదాకు మించిన మాటలు

కొరియా కంపెనీ ఆ జిల్లాకు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. వస్తే ఏ భాషలో దండం పెట్టాలన్నది మాత్రం ఒక సోమవారం ఉదయం పదకొండున్నరకే తేలిపోయింది.

జిల్లా పారిశ్రామిక స్వాగత విభాగం జాయింట్ డైరెక్టరు రుద్రప్రసాద్ గారు రాజధానిలో మూడు రోజుల శిక్షణ ముగించుకుని వచ్చారు. వచ్చీ రాగానే సిబ్బందినంతా మీటింగు హాల్లో నిలబెట్టి, కాగితం చూసి ఇలా సెలవిచ్చారు:

"పెట్టుబడిదారుని మాతృభాషయే పెట్టుబడికి ముఖద్వారము. ఆ ద్వారమునకు తోరణము కట్టవలసిన గురుతర బాధ్యత మన భుజస్కంధములపై ఉన్నది. కావున నేటి నుండి సిబ్బంది యావన్మందీ, హోదాతో నిమిత్తం లేకుండా, కొరియా భాష నేర్చుకొనవలెను."

'హోదాతో నిమిత్తం లేకుండా' అన్న ముక్క దగ్గర సూపరింటెండెంట్ పద్మాక్షి మేడం ముఖం వాడిపోయింది. హోదాతో నిమిత్తం లేకుండా ఆ ఆఫీసులో అంతవరకూ జరిగేది ఒక్కటే, చెమట పట్టడం.

వెనక గోడకు ఆనుకుని ఓబుళపతి నిలబడి ఉన్నాడు. రికార్డు అసిస్టెంటు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. అతనికి జూనియర్ అసిస్టెంటుగా పదోన్నతి ఇచ్చే ఫైలు పదకొండేళ్లుగా జె.డి. గారి బల్ల మీదే ఉంది. జె.డి.లు బదిలీ అవుతున్నారు గానీ ఫైలు బదిలీ కావడం లేదు. ఇంకో పద్నాలుగు నెలల్లో ఉద్యోగ విరమణ. ఆలోగా ఆ కాగితం మీద ఒక సంతకం పడితే, స్టూలు మీది నుంచి కుర్చీ మీదికి మారతాడు. వీపు ఆనించుకునే కుర్చీ. అతని ఆశ అంతవరకే.

ఈ ఇరవై ఆరేళ్లలో అతను ఎవరితోనూ కాదని అనలేదు. అనకూడదని నియమమేమీ పెట్టుకోలేదు. ఆ మాట గొంతులోంచి బయలుదేరేది, ఎదుటివాడి కనుబొమ్మలు చూసి వెనక్కి తిరిగేది. కొన్నాళ్లకు బయలుదేరడం కూడా మానేసింది.

మరుసటి వారమే 'కొరియా భాషాభ్యాసము: సాధనములు, మెళకువలు' అనే పుస్తకం అచ్చయి వచ్చింది. ఐదువందల మాటలు, వెనక నాలుగు పేజీల చిట్కాలు. రోజుకు పది మాటలకు మించవద్దు. వస్తువుల మీద వాటి పేర్లు చీటీలు రాసి అంటించండి. ప్రతి మాటకూ మనసులో ఒక బొమ్మ కట్టుకోండి. పిల్లల కథలు చదవండి, నాటకాలు చూడండి, పాటలు వినండి. ఎవరు రాశారో గానీ బుద్ధిమంతుడే. ఆ నాలుగు పేజీలూ చదివినవాడు ఆఫీసు మొత్తానికి ఓబుళపతి ఒక్కడే.

చీటీలు అంటించడం మాత్రం యుద్ధప్రాతిపదికన జరిగింది. తలుపులు, బీరువాలు, కుండ, గోడ గడియారం అన్నిటికీ నుదుట బొట్టు పెట్టినట్టు అంటించారు. ఫ్యాను రెక్కకూ అంటించారు. ఫ్యాను వేసినప్పుడల్లా చీటీ ఊడిపోతోందని పద్మాక్షి మేడం నోట్ పెట్టారు. 'పదజాల పరిరక్షణార్థం తదుపరి ఉత్తర్వుల వరకు ఫ్యాన్లు తిప్పరాదు' అని జె.డి. గారు మెమో ఇచ్చారు. అది మే నెల.

"ఏందప్పా ఇది, పిచ్చి గాకపోతే? కొరియావోళ్లు వచ్చేలోపల మనం ఉడికి సంగటి అయిపోతాం," అంది క్యాంటీన్ నడిపే తిప్పక్క, టీ గ్లాసు ఓబుళపతి స్టూలు పక్కన పెడుతూ.

"మెల్లగా అక్కా," అన్నాడతను.

"నీకెప్పుడూ మెల్లగానే. మెల్లగా మెల్లగా అంటానే ముసిలోడివైపోతివి."

అసలు చిక్కు ఆ తరవాత వచ్చింది. ఆ ఆఫీసులో ఏ సరుకు వచ్చినా ముందు స్టాకు రిజిస్టరులో ఎక్కాలి, తరవాత హోదాను బట్టి పంచాలి. తువ్వాలు కప్పిన కుర్చీ జె.డి.కి, చేతులున్నది సూపరింటెండెంటుకు, చేతుల్లేనిది గుమాస్తాకు, స్టూలు మిగతావాళ్లకు. మరి ప్రభుత్వం ఐదువందల మాటలు సరఫరా చేస్తే, వాటిని ఎవరుబడితే వాళ్లు ఎన్నిబడితే అన్ని వాడుకోవచ్చునా? రేపు ఒక అటెండరు జె.డి. కన్నా నాలుగు మాటలు ఎక్కువ పలికితే పరిపాలన ఏమవుతుంది? పద్మాక్షి మేడం ఏడు పేజీల నోట్ రాశారు. మూడో రోజుకల్లా ఉత్తర్వులు వచ్చాయి: జె.డి.కి ఐదువందల మాటలు, సూపరింటెండెంటుకు రెండువందలు, సీనియర్ అసిస్టెంటుకు వంద, జూనియర్‌కు యాభై, రికార్డు అసిస్టెంటుకు ఇరవై ఐదు, క్యాంటీన్‌కు పది.

అయితే ఐదువందల్లోంచి ఒక మాటను జె.డి. గారు స్వయంగా ఎర్ర సిరాతో కొట్టేశారు. అది 'అనియో'. కొరియా భాషలో లేదు, కాదు అని చెప్పే మాట.

"'లేదు' అన్న పదము పెట్టుబడిదారునకు ప్రతికూల సంకేతము," అని పక్కన రాశారు. "సదరు పదము ఏ హోదాకును మంజూరు చేయబడదు. అన్ని సందర్భములయందును 'నే', అనగా ఔను, అని మాత్రమే పలుకవలెను."

జె.డి. గారికి మంజూరైన మాటల్లో నోటికి వచ్చినవి మూడు: నమస్కారం, కృతజ్ఞతలు, ఔను. మొదటిది కాగితం చూసి చెప్పేవారు. మంజూరు వేరు, వినియోగం వేరు అని ఆఫీసులో అందరికీ తెలిసిందే.

ఓబుళపతి సంగతి వేరేగా నడిచింది. ఒంటిగది అద్దె ఇల్లు. భార్య పోయి తొమ్మిదేళ్లు. సాయంత్రం తలుపు తీసి లోపలికి వెళితే గదిలోని వస్తువులన్నీ అతన్ని గుర్తుపట్టనట్టు చూసేవి. వాటికి కొత్త పేర్ల చీటీలు అంటించిన రోజున మొదటిసారి అవి పలకరించినట్టనిపించింది. తలుపు 'మున్' అంది. బిందెలో నీళ్లు 'ముల్' అన్నాయి. ఆ లిపిని దాదాపు ఆరువందల ఏళ్ల కింద అక్కడి రాజు ఒకాయన సామాన్యుల కోసమే చేయించాడనీ, అప్పుడు ఆస్థానంలో పండితులు వద్దన్నారనీ ఒకచోట చదివాడు. ఆ పండితుల ముఖాలు ఎలా ఉంటాయో ఊహించడానికి అతనికి కష్టం కాలేదు.

రెండు గంటల్లో అక్షరాలు పట్టుబడ్డాయి. ఇరవై ఐదు మాటలు మూడు రోజుల్లో అయిపోయాయి. నాలుగో రోజు ఇరవై ఆరో మాట నేర్చుకున్నప్పుడు అతని గుండె దొంగతనం చేసినవాడిలా కొట్టుకుంది. ఇలాంటి గుండె ఒకటి తనలో ఉందని అతను మరిచిపోయి చాలాకాలమైంది. ఫోనులో పిల్లల కథలు విన్నాడు, నాటకాలు చూసి ఏడ్చాడు. 'నున్‌చి' అనే మాట దగ్గర ఒక సాయంత్రమంతా ఆగిపోయాడు. నోరు తెరవకముందే ఎదుటివాడి మనసును కంటితో కొలిచే నేర్పు అని అర్థం. ఇరవై ఆరేళ్లుగా తను చేస్తున్న అసలు ఉద్యోగం ఇదేనన్నమాట. దానికి ఒక పేరుందని తెలియగానే, అది తన స్వభావం కాదేమో, ఒట్టి అలవాటేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది.

ఆ జిల్లా పంట వేరుశనగ. దాన్ని వాళ్లు 'తంగ్‌కోంగ్' అంటారు. తంగ్ అంటే నేల, కోంగ్ అంటే గింజ. నేలగింజ. ఎంత చక్కగా పెట్టారో అని నవ్వుకున్నాడు. మనసులో బొమ్మ కట్టుకోవలసిన పని కూడా లేకపోయింది. చిన్నప్పుడు చెట్టు పీకి మట్టి దులిపిన చేతులు ఇంకా ఉన్నాయి.

పట్టుబడింది చిన్న విషయంలో. ఒక రోజు కొరియా నుంచి యంత్రాల కేటలాగు పార్సిలు వచ్చింది. పద్మాక్షి మేడం దాన్ని తలకిందులుగా బల్ల మీద పెట్టించారు.

"మేడం, అట్ల కాదు... 'ఇటువైపు పైకి' అని రాసుంది," అన్నాడు ఓబుళపతి.

అని, తన నోటి నుంచి వచ్చినదేమిటో విని తనే వణికిపోయాడు.

మేడం కళ్లద్దాలు సర్దుకున్నారు. "'పైకి' అనే పదం ఎవరి కోటాలో ఉందండీ?"

మేడమే రిజిస్టరు తిరగేశారు.

"సీనియర్ అసిస్టెంట్ల కోటా. అరవై ఏడో నంబరు. మీ దగ్గరికి ఎలా వచ్చింది?"

మర్నాడు 'హోదాకు మించిన పదజాలం కలిగియుండుట' అన్న ఆరోపణ మీద అతని గది సోదా చేశారు. పంచనామాకు సాక్షిగా తిప్పక్కను తీసుకుపోయారు. బిస్కెట్ల డబ్బాలో దారం కట్టిన చీటీలు దొరికాయి. గోడల మీద, గిన్నెల మీద, మంచం కోడు మీద ఉన్నవీ ఒలిచి లెక్కపెడితే పదకొండువందల నలభై. అద్దం మీది చీటీని పద్మాక్షి మేడం పుస్తకంతో పోల్చి చూశారు. దాని మీద 'అద్దం' అని లేదు, 'మనిషి' అని ఉంది. 'తప్పు చీటీ ఒకటి' అని పంచనామాలో రాయించారు.

"ఏమప్పా ఓబుళపతీ," అంది తిప్పక్క వేలిముద్ర వేస్తూ. "ఇన్ని మాటలు ఇంట్లో పెట్టుకుని, ఆఫీసులో ఒక్కటీ మాట్లాడవే!"

జె.డి. గారు అతన్ని పిలిపించి, చాలా దయగా మాట్లాడారు. ఆ దయే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"మీ పదోన్నతి ఫైలు నా పరిశీలనలోనే ఉన్నదయ్యా. ఈ దశలో ఇదేమిటి? నాకున్నదే ఐదువందలు. మీ వద్ద పదకొండువందలా? శాఖ ఏమనుకుంటుంది?"

"తప్పయిపోయింది సార్."

"సరే. ఇరవై ఐదు ఉంచుకుని మిగిలినవి సరెండర్ చేయండి. మరచిపోయినట్టు ధ్రువపత్రము సమర్పించండి. ఇద్దరు గెజిటెడ్ అధికారుల ఎదుట మరపు పరీక్ష జరుగును. తదుపరి ఒక్క పదమైనా మీ నోట వినబడినచో ఫైలు మూసివేయబడును, సర్వీసు కూడా."

మరపు పరీక్ష నలభై నిమిషాలు జరిగింది. పద్మాక్షి మేడం ఒక్కో బొమ్మ చూపించేవారు, ఓబుళపతి 'తెలియదు మేడం' అనాలి. గొడుగు. తెలియదు. చందమామ. తెలియదు. కప్ప. ప్రతిదానికీ లోపల్నుంచి దాని పేరు, బడిలో పేరు పిలిస్తే లేచి నిలబడే పిల్లాడిలా లేస్తోంది. అతను దాని భుజం నొక్కి కూర్చోబెడుతున్నాడు. తెలిసినదాన్ని తెలియదనడం అతనికి కొత్త కాదు. కానీ ఇంతకుముందు అలా అన్నప్పుడు లోపల ఎవరూ లేచి నిలబడేవాళ్లు కాదు. వేరుశనగ కాయ బొమ్మ వచ్చినప్పుడు అతని చేయి తనంతట తనే మట్టి దులుపుకున్నట్టు కదిలింది. మేడం తలెత్తి చూశారు.

"తెలియదు మేడం," అన్నాడు.

'పదకొండువందల పదిహేను మాటలు సంతృప్తికరంగా మరచినాడు' అని ధ్రువీకరించారు. చీటీల డబ్బా సీలు వేసి, రికార్డు రూములోనే పెట్టారు. ఆ రూము తాళం ఎప్పటిలాగే ఓబుళపతి దగ్గరే ఉంది. అతను డబ్బా ముట్టుకోలేదు. అవసరం రాలేదు. మరిచిపోవాలని కూర్చున్న ప్రతి మాటా ఇంకొంచెం తేటగా, ఇంకొంచెం దగ్గరగా కనబడుతోంది. చిట్కాల పుస్తకంలో ఈ పద్ధతి లేదు.

జూలైలో కంపెనీ తరఫున మిన్ గారు అనే పెద్దమనిషి వచ్చాడు. అరవై ఏళ్ల పలచటి మనిషి. వెంట దుబాసీని తెచ్చుకుంటానని రాస్తే, 'మా కార్యాలయమే దుబాసీ' అని జె.డి. గారు బదులు రాసి వద్దన్నారు. ఆ పూట ఆఫీసులో ఇంగ్లీషు నిషేధించారు. ఫ్యాన్లు కూడా తిప్పలేదు. గుమ్మం దగ్గర సిబ్బంది బారులు తీరి ఎవరి కోటా మాటలు వాళ్లు అప్పజెప్పారు. సంచి, కుర్చీ, మంగళవారం, వంతెన. మిన్ గారు ఒక్కొక్కరికీ తల వంచుతూ, కొంచెం కంగారుగా లోపలికి వచ్చాడు.

భోజనాలకు మీటింగు హాల్లోనే వడ్డించారు. వంట తిప్పక్కది. రాగి సంగటి, వంకాయ కూర, పప్పు, రోట్లో నూరిన శెనక్కాయల ఊరుబిండి, అంటే వేరుశనగ పచ్చడి. ఓబుళపతికి నీళ్ల జగ్గు ఇచ్చి గోడ పక్కన నిలబెట్టారు.

మిన్ గారు సంగటి ముద్దను వేలితో నొక్కి చూసి మెచ్చుకున్నట్టు నవ్వాడు. పచ్చడిలో అద్దబోయి ఆగాడు. వాసన చూశాడు. అప్పుడు జె.డి. గారి వైపు తిరిగి, పచ్చడి చూపించి, తన గొంతు మీద వేలు పెట్టుకుని, మెల్లగా విడమరిచి ఏదో అడిగాడు. అందులో 'తంగ్‌కోంగ్' ఉంది.

ఓబుళపతికి ప్రతి మాటా అర్థమైంది. 'ఇందులో వేరుశనగ లేదు కదా? అది తింటే నాకు ఊపిరాడదు. నేను చచ్చిపోతాను.'

"నే!" అన్నారు జె.డి. గారు చేతులు జోడించి. "నే, నే!"

పద్మాక్షి మేడం కూడా "నే" అన్నారు. బల్ల చుట్టూ కూర్చున్న అధికారులందరూ ఒకరి తరవాత ఒకరు "నే, నే" అన్నారు. మిన్ గారి ముఖం తేటపడింది. ముద్దను పచ్చడిలో ముంచాడు.

ఓబుళపతికి కాలం చాలా మెల్లగా నడిచింది. స్టూలు కనబడింది. దాని పక్కన కుర్చీ కనబడింది. జె.డి. గారి కనుబొమ్మలు కనబడ్డాయి, వాటిని కొలవడానికి కళ్లు అలవాటుగా అటే పోయాయి. ఎవరో ఒకరు చెబుతారులే అనుకున్నాడు. చెప్పడానికి ఈ గదిలో ఇంకెవరికీ మాటల్లేవని వెంటనే తట్టింది. పచ్చడి అంటిన ముద్ద ఆకు మీది నుంచి లేచింది.

"అనియో!"

ఆ కేక తనదేనని, జగ్గు కిందపడి నీళ్లు కాళ్లకు తగిలాక గానీ అతనికి తెలియలేదు.

"అనియో! తంగ్‌కోంగ్! తంగ్‌కోంగ్!"

మిన్ గారి చేయి పెదాల ముందు ఆగిపోయింది. ముద్ద ఆకులో పడింది. ముఖం సున్నంలా పాలిపోయింది. ఆయన లేచి చేయి కడుక్కుని, జేబులోంచి పెన్నులాంటి సూదిమందు తీసి బల్ల మీద పెట్టాడు. తరవాత గోడ దగ్గరికి నడిచి వచ్చాడు. గుమ్మం దగ్గర జె.డి. గారికి మెడ మాత్రమే వంచిన మనిషి, రికార్డు అసిస్టెంటు ముందు నడుము దాకా వంగి, చాలాసేపు లేవలేదు.

"ఏమైందప్పా?" అంది తిప్పక్క, గరిటె అలాగే పట్టుకుని.

"శెనక్కాయలు తింటే ఆయన బతకడక్కా."

"ఓరి దేవుడా! మరి ఈ సార్లంతా అంతసేపూ తలకాయలూపినారే!"

మిన్ గారు వెళ్లిన మూడో రోజున విచారణ జరిగింది. ఆరోపణలు మూడు. ఒకటి, సరెండర్ చేసిన పదములను అనుమతి లేక వినియోగించుట. రెండు, పెట్టుబడిదారునితో ప్రతికూల పదము పలుకుట. మూడు, పై అధికారి 'ఔను' అని సెలవిచ్చిన పిమ్మట, అదే విషయమై, అదే గదిలో 'కాదు' అనుట. మూడోది చదివేటప్పుడు పద్మాక్షి మేడం గొంతు తగ్గించారు.

జె.డి. గారు మాత్రం మళ్లీ దయగానే ఉన్నారు. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పరిచారు. ఒకటి పదకొండేళ్ల ఫైలు. రెండోది కొత్తగా టైపు చేసిన నివేదిక.

"చూడవయ్యా. మిన్ గారు కృతజ్ఞతలు తెలుపుతూ పైకి లేఖ రాశారు. పైవారు వివరణ కోరినారు. మంజూరు కాని పదముతో ఒక ప్రాణము నిలిచినదని ప్రభుత్వానికి ఎలా రాయగలం? ఆడిట్ అభ్యంతరం వస్తుంది. కావున ఇలా రాయించాను: 'జాయింట్ డైరెక్టరు వారు మంజూరైన పదజాలముతో, సమయస్ఫూర్తితో అతిథిని వారించిరి. రికార్డు అసిస్టెంటు జగ్గు జారవిడిచెను.' నువ్వు దీని మీద సంతకం పెట్టు. నేను దాని మీద పెడతాను. ఆరోపణలు ఉపసంహరించబడును."

కలం అతని చేతికి వచ్చింది. ఓబుళపతి నివేదిక చదివాడు. 'జగ్గు జారవిడిచెను' అన్న చోట ఆగాడు. అది నిజమే. అందులో నిజం అంతవరకే.

అతను పక్క కాగితం వైపు చూశాడు. పదకొండేళ్ల కింద తన పేరు రాసిన సిరా గోధుమరంగుకు తిరిగింది. ఆ కుర్చీలో కూర్చుని వీపు వెనక్కి వాల్చిన ప్రతిసారీ ఏం గుర్తుకొస్తుందో అతనికి ముందే తెలిసిపోయింది. గొంతులో ఏదో కదిలింది. కొరియా భాషలో ఆ మాట అనడం తేలికే. అక్కడ అతనెవరో ఎవరికీ తెలియదు. ఇది తన భాష. ఇందులో ఇరవై ఆరేళ్లుగా ఆ దారి మూసి ఉంది.

కలం మూత పెట్టి బల్ల మీద ఉంచాడు.

"పెట్టను సార్."

జె.డి. గారికి కోపం రాలేదు. వినబడిందేమిటో ఆయన కాసేపు పోల్చుకోలేకపోయారు.

"ఏమన్నాడు?" అని పద్మాక్షి మేడం వైపు తిరిగారు.

మేడం గబగబా రిజిస్టరు తిరగేశారు. ఐదువందల మాటలూ వేలితో పై నుంచి కింది దాకా చూశారు. "ఇందులో లేదు సార్. ఏ హోదాకూ లేదు."

"అయితే అనలేదని రాయండి."

"పెట్టను," అన్నాడు ఓబుళపతి మళ్లీ. ఈసారి గట్టిగా, తన గొంతు తనే వింటూ. లోపల ఎవరో లేచి నిలబడ్డారు. అతను కూర్చోబెట్టలేదు.

జె.డి. గారి నుదుట చెమట పట్టింది. "మళ్లీ కొరియా భాష మాట్లాడుతున్నాడు! రాసుకోండి, నాలుగో ఆరోపణ!"

టీ గ్లాసుల పళ్లెంతో గుమ్మంలో నిలబడ్డ తిప్పక్క ఇక ఆగలేకపోయింది.

"అది తెలుగే సార్. మీకింకా మంజూరు కానట్టుంది."